అడుగున్నర నీళ్లు

అక్కకు,

నేను ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతావు. నీ ఎదుట నిలబడితే నాకు మాట పెగలదు. అందుకే ఈ కాగితం.

ఊరి మంచినీళ్ల బావి లోతును పదకొండేళ్లుగా రోజూ పొద్దున తాడు వేసి కొలిచి పుస్తకంలో ఎక్కిస్తున్నాను. నేను బడికి పోలేదు, ఆ అంకెలతోనే రాత పట్టుబడింది. వానలు లేకపోవడం ఇది రెండో ఏడు. ఇంటికి రెండు బిందెల చొప్పున వదిలితే నలభై రోజులు గడుస్తాయనుకున్నాను. పోయిన వారం పైపు పగిలి రెండు రోజులు కుళాయిలు కట్టేశాం. చుక్క వదల్లేదు. అయినా అడుగున్నర తగ్గింది.

తాడు తప్పేమోనని మూడుసార్లు వేశాను. తర్వాత చుట్టుపక్కల గోడలకు చెవి ఆనించుకుంటూ తిరిగాను. మీ ఐసు ఫ్యాక్టరీ వెనక మోటారు చప్పుడు వినిపించింది. లోపలికి వెళ్లి చూస్తే గోనెసంచుల కింద కొత్త బోరు.

బావ రోజూ టీ దగ్గర, "ఏమోయ్ బావమరిదీ, పాతాళానికి ఇంకెన్ని అడుగులు?" అని నవ్వించేవారు. నా పని గురించి అడిగే మనిషి ఆయనొక్కరే. సంబరంగా చెప్పేవాణ్ని. ఇప్పుడు పుస్తకం తిరగేస్తే తెలిసింది: బాగా తగ్గిందని నేను ఆయనతో చెప్పి బెంగపడ్డ ప్రతిసారీ, మర్నాడు తగ్గుదల నెమ్మదించేది.

పంచాయతీ ఆఫీసులో ఇంకా చెప్పలేదు. ఇక మిగిలింది పందొమ్మిది రోజుల నీళ్లే. బావ నీ మాట వింటారు. ఆపించు అక్కా.

నీ తమ్ముడు

*

అక్కకు,

నీ జవాబు చదివాను. "మీ బావని ఏమీ అనకు. ఆయనకంత బుర్ర ఎక్కడిదిరా? రోజూ అడిగి రమ్మన్నది నేనే. ఫ్యాక్టరీ మూతపడితే మేమేం తినాలి? 'తమ్ముడు మనవాడే, తెలిసినా నోరు విప్పడు' అని ఆయనకు ధైర్యం చెప్పిందీ నేనే" అని రాశావు.

బావ మీద కోపం పోయింది. అది ఎక్కడికి చేరాలో తెలియక రెండు రోజులు అన్నం సహించలేదు. చిన్నప్పటి నుంచి నేను మాట్లాడకపోయినా నీకు అర్థమవుతాననుకున్నాను. అర్థమయ్యాను కాబట్టే ఇలా వాడుకున్నావు.

ఇవాళ ఆఫీసులో చెప్పేశాను. "ఎవరిదయ్యా ఆ ఫ్యాక్టరీ?" అన్నారు పెద్దాయన. "మా అక్కది" అన్నాను. బల్లల దగ్గర వాళ్లంతా రాయడం ఆపేశారు.

రేపు పది గంటలకు బోరుకు సీలు వేస్తారు. ముందు నడిచేది నేనే. బావని పంపకు. తలుపు నువ్వే తియ్యి.

తమ్ముడు