బావ మీద అర్జీ

దువ్వాడ.

బావకి,

మన పొలం కాగితాలు దాచిన గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లోనే, నువ్వు గట్టు నా వైపు జరిపావని తహసీల్దారుకి అర్జీ రాసుకున్నాను. అందులో ఏం పెట్టినా అందరికీ కనిపిస్తుందని మీకు నేర్పింది నేనే. గుర్తులేనిదీ నాకే.

అక్క ఫోన్ చేసి, "ఏట్రా, మీ బావ దొంగేటి? బాగా రాసినావులే!" అంది. సిగ్గుపడి చెరిపేద్దామని తెరిచాను. నేను తప్పు వేసిన సర్వే నంబరు పక్కన నువ్వు సరైనది వేసి, "ఈ నంబరుతో ఇత్తే తిప్పి పంపేత్తారు బామ్మర్దీ" అని రాసి ఉంచావు.

ఇక ఆ అర్జీ ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇదైనా అందరికీ కనిపించకూడదని కాగితం మీద రాస్తున్నాను. ఆదివారం సబ్బవరం వస్తాను, గట్టు ఇద్దరం కలిసి కొలుద్దాం. తప్పు నాదేనని తేలితే, అక్కకి కాస్త మెల్లగా చెప్పు.

నీ బావమరిది