గడప బయట నిలబడతాను

బాబాయ్‌కి,

నిన్న కొట్లో అందరి ముందూ నీ మీద అరిచినందుకు క్షమాపణ చెప్పను. ముప్పై ఏళ్ళ చెప్పుల కొట్టులో సగం ఆన్‌లైన్ కంపెనీ పార్సిళ్ళకు అద్దెకిస్తావా? మన దగ్గర తొడిగి చూసి ఫోన్లో కొనేవాళ్ళు దొంగలని నేను కరపత్రం వేస్తే, నువ్వేమో వాళ్ళకే కుర్చీ వేసి "కూర్చోండమ్మా, పార్సిల్ ఇప్పుడే తెస్తా" అంటావా? అందుకే ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాను.

ఒక్క విషయం. ఆ కంపెనీలకు వ్యతిరేకంగా తీసే ఊరేగింపుకని బూట్లు తెప్పించాను. ఫోన్లో చవక, పోరాటానికి పొదుపు ముఖ్యం కదా. కొలత మన కొట్లోనే చూసుకున్నాను, అయినా బిగుతుగా ఉన్నాయి. తిప్పి పంపాలంటే నీ కౌంటరులోనే ఇవ్వాలట.

రేపు పదింటికి గడప బయట నిలబడతాను. నువ్వే వచ్చి అందుకో. ఒట్టంటే ఒట్టే.

నీ అన్న కొడుకు