రాహుకాలం రాకముందు పెట్టిన సంతకాలు

సార్నియా, ఒంటారియో, కెనడా
శుక్రవారం

మదుపరుల ఉచిత న్యాయ సహాయ కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: స్టాక్ బ్రోకరు హేమచంద్ర ఖాళీ ఫారాలపై సంతకాలు తీసుకుని చేసిన మోసం గురించి, నాకును, శ్రీమతి చంద్రకళ గారికిని కలిపి ఒకే వకీలును ఇప్పించవలసినదిగా ప్రార్థన.

ఇక్కడి పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజినీరుగా పనిచేసి రిటైరైన దక్షిణామూర్తి అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

ముందుగా, ఈ అర్జీ తెలుగులో ఉన్నందుకు తమరు విసుక్కోకూడదు. ఏ భాషలో రాసినా తర్జుమా చేయించుకుంటామని తమ ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి చెప్పింది. బ్రోకరు కంపెనీకి నేను ఇంగ్లీషులోనే ఫిర్యాదు చేశాను. ఇంత చక్కటి ఇంగ్లీషు రాయగలవారు తాము దేనిమీద సంతకం పెడుతున్నారో ఎరగరంటే నమ్మలేమని వారు జవాబిచ్చారు. ప్లాంటులో రిపోర్టులు రాసి రాసి నేర్చుకున్న ఇంగ్లీషు అది. దాన్ని నా మీదికే తిప్పారు. ఇక ఈ విషయంలో నేను ఇంగ్లీషు ముక్క రాయను.

1. సదరు హేమచంద్ర మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఎవరితోనో వచ్చి పరిచయమైనాడు. విస్తళ్లు వేశాడు, వడ్డించాడు, అందరూ వెళ్లాక గిన్నెలు కడిగాడు. నేను అంకుల్‌ని, మా ఆవిడ సూర్యకుమారి ఆంటీ. "మీ డబ్బు బాండ్లలో పడి నిద్రపోతోంది అంకుల్, కాస్త లేపుదాం" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

2. ఖాతా తెరిచే సంతకాలు మంచి వేళలో పడాలని మా ఆవిడ పట్టుబట్టింది. రాహుకాలం ఇండియా పంచాంగంలో ఉన్నట్టు ఇక్కడ ఉండదు గనుక, సార్నియా సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టి, అది మొదలయ్యేలోపల రమ్మని హేమచంద్రకు చెప్పాను. అతను బాగా ఆలస్యంగా వచ్చాడు. హైవే మీద ట్రాఫిక్ అన్నాడు. ఫారాల్లో గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. నేను కళ్లజోడు పెట్టుకోబోతుంటే, "ఇప్పుడు చదువుతూ కూర్చుంటే రాహుకాలం వచ్చేస్తుంది అంకుల్! సైన్ చేసేయండి, గళ్లు నేను ఆఫీసులో ఫిల్ చేసుకుంటా" అన్నాడు. చేశాను. ఖాతా ఇద్దరి పేరా గనుక మా ఆవిడా సంతకం చేసి, ఒక్కొక్క కాగితానికీ పసుపు బొట్టు పెట్టింది. తర్వాత ఎప్పుడు సంతకాల కోసం వచ్చినా అతను అదే విధంగా ఆలస్యంగా వచ్చాడు. మా నమ్మకం అతనికి బాగా అక్కరకొచ్చింది.

3. అతను నింపిన ఫారం ప్రకారం నేను పెట్టుబడుల్లో నిపుణుడిని. ఎంత నష్టమైనా భరించగలను. ఆ బలంతో నా బాండ్లు అమ్మి, ఇంటి మీద అప్పు తీయించి, మొత్తం కండోలనే అపార్ట్‌మెంట్లు కట్టే ఒక బిల్డరు అప్పు పత్రాల్లో పెట్టాడు. బిల్డరు దివాలా తీశాడు. ఇల్లు అమ్మకానికి పెడతామని బ్యాంకు నోటీసు ఇచ్చింది.

4. హేమచంద్ర తమ ఉద్యోగి కాడని కంపెనీ ఇప్పుడు అంటున్నది. అతను విన్నిపెగ్‌లో మనవాళ్లను కూర్చోబెట్టి సెమినార్లు ఇస్తున్నాడని విన్నాను. చదవకుండా ఎందుకు సంతకం చేశారని కంపెనీ అడిగినప్పుడు రాహుకాలం ముంచుకొచ్చిందని ఉన్నది ఉన్నట్టు రాశాను. మీపై ఒత్తిడి తెచ్చిన సదరు రాహుకాలం గారు మీకు ఏమవుతారు, వారి ఫోను నెంబరు తెలుపగలరు అని జవాబు వచ్చింది. చదివి నవ్వాను. ఈ ఇంట్లో ఎవరైనా నవ్వి చాలా కాలమైంది గనుక మా ఆవిడ వంటింట్లోంచి భయపడి పరిగెత్తుకొచ్చింది.

5. శ్రీమతి చంద్రకళ గారు నాతో పనిచేసి చనిపోయిన శేషగిరి భార్య. ఆ మొదటి రోజునే, మా భోజనాల బల్ల దగ్గరే, నా తర్వాత ఆమె సంతకం పెట్టారు. శేషగిరి ఉన్నంతకాలం బ్యాంకు కవరు ఒక్కటి కూడా ఆమె విప్పలేదు. ఆమె ఫారంలోనూ నిపుణురాలు అనే ఉంది. ఇన్సూరెన్సు డబ్బంతా పోయింది. కారు అమ్ముకున్నారు. బస్సులు సరిగా లేని ఈ ఊళ్లో ఆమె మంచులో నడిచి వెళ్లి ఒక కిరాణా దుకాణంలో బ్రెడ్డు సర్దుతున్నారు. "మీరు పెట్టారు కదా అన్నయ్యగారూ, అని నేనూ పెట్టాను" అని ఒక్కసారి అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

6. ఇప్పుడు కంపెనీ వారు రాజీ పత్రం పంపారు. మా డబ్బులో కొంత తిరిగిస్తారట. ఇల్లు నిలబడటానికి అది చాలు. బదులుగా నేను ఫిర్యాదు వాపసు తీసుకోవాలి, ఇంకెవరి ఫిర్యాదులోనూ నోరు విప్పకూడదు. ఆ రోజు గళ్లు ఖాళీగా ఉన్నాయని చెప్పగల సాక్షి చంద్రకళ గారికి నేనూ, మా ఆవిడా తప్ప మరొకరు లేరు. ఉమ్మడి ఖాతా గనుక పత్రం మీద మా ఇద్దరి సంతకాలూ కావాలి. ఈ నెలాఖరు వరకే గడువు.

సూర్యకుమారి సంతకానికి సిద్ధంగా ఉన్నది. "ఈ వయసులో ఎవరింటి కిందో బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని బతుకుదామా? ముందు మన నెత్తిన కప్పు చూసుకోండి" అంటున్నది. ఆమెను తప్పు పట్టలేను. రోజూ కలం తీస్తున్నాను, మూత పెడుతున్నాను. నాకు భయంగా ఉందండీ. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే సంతకం పెట్టేస్తాను.

కావున తమరు దయయుంచి, నేను ఆ పని చేయకముందే మా ఇద్దరి ఫిర్యాదులనూ ఒకటిగా చేపట్టి, ఒక వకీలును నియమించి, బ్యాంకు అమ్మకాన్ని ఆపించే మార్గం చూపవలసిందిగా వేడుకొనుచున్నాను. వకీలు గారు ఏ కాగితం ఇచ్చినా ఈసారి పూర్తిగా చదివే సంతకం పెడతానని హామీ ఇస్తూ, ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దక్షిణామూర్తి

తా.క. అయ్యా, నేను సూర్యకుమారిని. కవరు అంటించమని ఇచ్చి ఆయన స్నానానికి వెళ్లారు. విప్పి చదివాను. నా గురించి రాసింది నిజమే, అలాగే అన్నాను. నిన్న సాయంత్రం ఆయన ఇంట్లో లేనప్పుడు చంద్రకళ వచ్చింది. బూట్ల నిండా మంచు. టీ కూడా తాగలేదు. "మీరు సంతకం పెట్టేయండి వదినా, మీ ఇల్లన్నా నిలబడుతుంది. నాకింక పోయేదేముంది" అని చెప్పి, మళ్లీ నడిచే వెళ్లిపోయింది. ఆ కాగితాలకు పసుపు బొట్టు పెట్టిన చెయ్యి నాది. రాజీ పత్రం మీద నేను సంతకం పెట్టను. నేను పెట్టకపోతే ఆయన పెట్టినా చెల్లదట కదా. మాకు ఇల్లు లేకుండా పోతుందేమో, తెలుసు. మీరు త్వరగా ఏదైనా చేయండి. ఇవాళ శుక్రవారం, ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది. అయినా ఆయన స్నానం చేసి వచ్చేలోగా నేనే వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వస్తాను.