కొర్రమట్టకు బిచిర్ ధర

నల్లగొండ, 1964 శ్రావణం, ఆదివారం రాత్రి

బాపు బొంబాయి నుంచి తెచ్చుకున్న బిచిర్ చేప, కొర్రమట్టలా పొడుగ్గా ఉండే విదేశీ రకం, ఆయన దవాఖానలో ఉండగానే చచ్చిపోయింది. ఆ మాట చెప్పలేక, ఆయన ఇంటికొచ్చేలోపే అమ్మా నేనూ గాజు తొట్టిలో కట్టంగూర్ చెరువు కొర్రమట్టను వదిలాం. డాక్టరు ఆశ లేదన్న సంగతి కూడా దాచాం.

ఈరోజు చేపలు కొనే హైదరాబాదు సాబ్ వచ్చాడు. బిచిర్ వీపంతా రంపం పళ్లలాంటి రెక్కలుంటాయి, తొట్టిలోని కొర్రమట్టకు లేవు. ఆయన తొట్టిని చూశాడు, మంచంలో బాపును చూశాడు.

"అసలైన బిచిర్. మూడు వందలకు తక్కువ గాదు," అన్నాడు.

"నేనియ్య సాబ్," అన్నాడు బాపు.

సాబ్ వెళ్లాక బాపు నన్ను దగ్గరికి పిలిచాడు.

"కొర్రమట్టను నేను గుర్తుపట్టనా బిడ్డా? మీరు బాధపడతరని ఊకున్న. గాని పరాయి మనిషి గూడ అబద్ధం చెప్పిండంటే, నా మొకంల ఏం జూసిండో..."