కులాసానండీ!

12-8-2006, శనివారం, రాత్రి

దొరికింది! నాన్న కాళ్ల జబ్బుకి ఇన్నాళ్లకి ఒక పేరు దొరికేలా ఉంది. ఒక డాక్టరు సుగర్ తిమ్మిరి అన్నారు, ఇంకొకరు వెన్నుపూస అరిగిందన్నారు. ఆ మందులన్నీ మింగినా కాళ్లు నీరసిస్తూనే ఉన్నాయి.

ఇవాళ ఏలూరులో నరాల డాక్టరు, "ఎలా ఉందండీ మాస్టారూ?" అని అడిగారు. నాన్న ఎప్పటిలాగే చేతులు జోడించి, "మీ దయవల్ల కులాసానండీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"కులాసా ఏంటండీ డాక్టరుగారూ! కాలి చెప్పు జారిపోయినా ఈయనకి తెలియట్లేదు. క్లాసులో చాక్‌పీసు చేతిలో నిలవట్లేదు."

"చేతులు కూడానా?" అంటూ ఆయన ముందుకు వంగారు. చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొడితే కాళ్లు కదలనే లేదు. నరాలకు కరెంటు పరీక్ష కూడా చేశారు. నరాల పైపొర వాచి దెబ్బతింటోందట, తగ్గే అవకాశం ఉందట!

"ఇది పట్టుకోవడం కష్టమమ్మా. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష కూడా చేయాలి. మందు మొదలెట్టాక ఎలా ఉందో మాస్టారే ఉన్నదున్నట్టు చెప్పాలి."

నా భయమంతా అక్కడే. తాడేపల్లిగూడెం తిరిగొచ్చే బస్సులో అడిగేశాను. "మర్యాదకి కాదు నాన్నా, నాకు నిజం చెప్పండి."

 దెందులూరు దాటాక నాన్న మెల్లగా, "ఇందాక బస్సెక్కేటప్పుడు కాలు మెట్టు మీద పడిందో లేదో తెలియలేదే. భయమేసింది" అన్నారు.

ఆ మాటకి ఏడుపు రావాలి. నాకేమో ఎగిరి గంతేయాలనిపించింది. ఇదే మాట డాక్టరు ముందు కూడా అనగలిగితే...