తప్పుల్లేని జాబితాలు

విజయవాడ,
14-8-1978.

మార్త గారికి నమస్కారం. మీ ఉద్యోగం పోకముందే రాయవలసిన ఉత్తరం ఇది.

మంగళగిరి గోదాము జాబితాలో 840 బస్తాలు 84గా అచ్చు కావడం మీ తప్పు కాదు. మీరు అంకెలు సరిగ్గానే టైపు కొట్టారు. కంప్యూటర్ నుంచి అచ్చు యంత్రానికి అంకెలు పంపే ప్రోగ్రాం నాది. ఒక అంకె అందినట్టు యంత్రం జవాబిచ్చాకే తర్వాతి అంకెను పంపాలి. వేగం కోసం నేను ఆ జవాబుకు ఆగలేదు. అందువల్ల ఎప్పుడో ఒకసారి ఒక అంకె జారిపోతుంది. అరవై రెండు పరీక్షల్లో నాలుగుసార్లు జారింది. తేదీ, వేళ, అంకె నమోదు చేశాను.

ప్రోగ్రాం సరిదిద్దాక మేనేజరు గారికి చెప్పాను. నమ్మలేదు. పాతది మళ్ళీ పెట్టి ఆయన ఎదుట పన్నెండుసార్లు నడిపాను. ఒక్క అంకె కూడా జారలేదు.

"ఆవిడ మీద జాలితో మిషన్ని ఆడిపోసుకుంటారేంటండీ? ఆవిడ వెళ్ళాకేగా తప్పులు ఆగాయి!" అని నవ్వారు.

తప్పులు ఆగింది నేను సరిదిద్దినందుకు. సరిదిద్దిన ప్రోగ్రామే మళ్ళీ పెట్టాను కాబట్టి, ఇకపై వచ్చే ప్రతి సరైన జాబితా మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

తప్పు నాదేనని సంతకం చేసిన కాగితం జతపరిచాను. మరోచోట ఉద్యోగం అడిగినప్పుడు చూపండి. డిగ్రీ లేని నాలాంటి మనిషి సంతకాన్ని ఎవరైనా లెక్కచేస్తారో లేదో నాకు తెలియదు.

ఇట్లు,
మీతో పనిచేసినవాడు