మందు వేయని గిన్నె

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ నేనూ, తొట్టెల్లోని నా చేపలూ కులాసా. అక్కడ నువ్వూ, నాన్నా, నీ మోకాలూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

వేళకు తింటున్నానా అని అడిగావు. గదిలో నాతో ఉండే అక్క తినకపోతే అలుగుతుంది, అందుకని కాస్త ఒళ్లు కూడా చేశాను. జడ వేసుకునే తీరిక లేక జుట్టు కత్తిరించుకున్నాను. నాన్నకు నువ్వే మెల్లిగా చెప్పు.

పొద్దస్తమానం చేప కడుపుతో నాకేం పని అనీ అడిగావు. నీ పనికి దగ్గరిదే. నువ్వు మార్కెట్లో చేప తల తెరిచి, మెదడు కిందనుంచి గింజంత గ్రంథి తీస్తావు. అందులోని హార్మోన్‌ని, అదే నువ్వు మందు అంటావే, సూదితో ఎక్కిస్తే తల్లిచేప గుడ్లు పెడుతుంది. నేను అండాశయం ముక్కల్ని గాజు గిన్నెల్లో పెట్టి, కొన్నిటికి నువ్వు మాకు పంపే గ్రంథుల్లోని ఆ మందు వేసి, కొన్నిటికి వేయకుండా చూస్తాను.

నీ దగ్గర ఏదీ దాచనిదాన్ని, రెండు నెలలుగా ఒకటి దాచాను. మందు వేయని గిన్నెలోనూ ఆ మందు కనిపించింది. తలలోనే పుడుతుందనుకున్నదాన్ని అండాశయం కూడా తనంతట తాను కాస్త తయారుచేసుకుంటోంది. నాకు సంతోషం కలగలేదమ్మా. ఇరవై ఏళ్లు నిలబడి తలలు తెరిచి నన్ను చదివించావు. ఆ మందు కడుపులోనే పుడుతుందని నేనే చాటితే నీ పనికి విలువేముంటుందని భయం వేసింది. గిన్నె కడిగేసి, నోటుపుస్తకంలో చెడిపోయిందని రాశాను. రెండోసారీ అంతే.

మూడోసారి చేతులు రాలేదు. నా పరిశోధన చూసే మా మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చాను. ఆవిడ బాగా చీవాట్లు పెట్టారు, నోటుపుస్తకంలో నిజం రాయించారు, ఆరు చేపలతో మళ్లీ చేయించారు. ఆరింటిలోనూ అదే వచ్చింది.

అప్పుడన్నారు: "మీ అమ్మగారి పని ఎక్కడికీ పోదు. అండాశయం చేసుకునేది చిటికెడే, గుడ్లు పెట్టాలంటే తలనుంచి రావాల్సిందే. అయినా ఆవిడ పంపిన గ్రంథులతో పోల్చబట్టే కదా ఇది అదే మందని తేలింది."

వచ్చే నెల సైన్సు పత్రికకు దీని మీద వ్యాసం పంపుతున్నాం. గ్రంథులు తీసి ఇచ్చినవారి పేరు అందులో అచ్చవుతుంది. నీ ఆధార్ కార్డులో ఉన్న పేరు వేయమంటావా, నాన్న పిలిచే పేరు వేయమంటావా? వెంటనే రాయి. ప్రస్తుతానికి ఆ చోట 'మా అమ్మ' అని రాసి ఉంచాను. మేడమ్ ఇంకా కొట్టేయలేదు.

ఇట్లు,
నీ చీవాట్లకు కూడా సిద్ధంగా ఉన్న
నీ కూతురు